క్రైస్తవ విశ్వాసంలో కీలక పదాలు – 5వ పాఠం: మళ్లీ త్రిత్వం, ఆ తరువాత శరీరధారణ

పోయిన పాఠం చివర ఒక పని ఇచ్చాను. దేవుడు ఒక్కడే, అయినా తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ అని ముగ్గురు వ్యక్తులు అన్న విశ్వాసమే త్రిత్వం. అదేమిటో పక్కింటివాళ్లకు చెబుతున్నట్టు నాలుగు వాక్యాల్లో రాయమన్నాను. వచ్చిన జవాబుల్లో సగానికి పైగా నీళ్లతోనే మొదలయ్యాయి. నీరు ఒకటే, గడ్డకడితే మంచు, కాగితే ఆవిరి, దేవుడూ అంతే అని. కొందరు కోడిగుడ్డు తెచ్చారు. ఇద్దరు కొబ్బరికాయ కొట్టారు. త్రిమూర్తులతో పోల్చినవాళ్లూ ఉన్నారు. పోలికలు వద్దని నేను ముందే చెప్పి ఉండాల్సింది. ఈ రోజు నేరుగా శరీరధారణ, అంటే దేవుని కుమారుడు మనిషి కావడం, చెబుదామనుకున్నాను కానీ, దీన్ని సరిచేయకుండా ముందుకు వెళితే ఆ పదమూ వంకరగానే అర్థమవుతుంది.

నీళ్ల పోలికలో చిక్కు ఇది. మంచు కరిగితేనే నీరు, నీరు మరిగితేనే ఆవిరి. అంటే ఉన్నది ఒక్కరే, ఒకప్పుడు తండ్రిగా, ఒకప్పుడు కుమారుడిగా, ఇంకొకప్పుడు ఆత్మగా కనిపించారని అర్థం వస్తుంది. 3వ శతాబ్దం తొలినాళ్లలో రోములో సబెల్లియస్ అనే బోధకుడు ఇలాగే చెప్పాడు. సంఘం ఒప్పుకోలేదు. ఎందుకో తెలియాలంటే మార్కు సువార్త 1వ అధ్యాయం, 9 నుంచి 11 వచనాలు చూడండి. యేసు యొర్దాను నీళ్లలోంచి పైకి వస్తున్నాడు. ఆత్మ పావురంలా దిగుతోంది. ఆకాశం నుంచి తండ్రి స్వరం వినిపిస్తోంది. ముగ్గురూ ఒకే గడియలో ఉన్నారు. ఏ పోలిక ఎదురైనా నేను దాన్ని మొదట యొర్దాను ఒడ్డుకు తీసుకెళ్లి నిలబెడతాను. అక్కడ నిలవకపోతే వదిలేస్తాను.

గుడ్డు సంగతి వేరు. పెంకు ఒక్కటే గుడ్డు కాదు, పచ్చసొన ఒక్కటే గుడ్డు కాదు. కుమారుడు దేవుడిలో మూడో వంతు కాడు, సంపూర్ణంగా దేవుడు. కొబ్బరికాయకూ ఇదే జవాబు.

త్రిమూర్తులతో పోల్చినవాళ్లు సృష్టి, స్థితి, లయ అని పనుల్ని పంచి చూశారు. క్రైస్తవ విశ్వాసంలో అలాంటి పంపకం లేదు. సృష్టినే తీసుకోండి. ఆదికాండము 1వ అధ్యాయంలో దేవుడు పలుకుతున్నాడు, దేవుని ఆత్మ జలముల మీద అల్లాడుతోంది. సమస్తమూ వాక్యం, అంటే కుమారుడు, ద్వారానే కలిగిందని యోహాను 1:3 చెబుతోంది. పని ఒక్కటే, అందులో ముగ్గురూ ఉన్నారు.

సూర్యుడూ వెలుగూ అన్న పోలిక కొంత మెరుగు. పాత సంఘ పితరులూ, అంటే తొలి శతాబ్దాల బోధకులూ, వాడారు. అయినా వెలుగు సూర్యుడితో మాట్లాడదు, సూర్యుణ్ని ప్రేమించదు. కుమారుడు తండ్రితో మాట్లాడతాడు. అసలు కీలకం అక్కడే ఉంది.

ఇక నన్ను ఎప్పటినుంచో బాధపెడుతున్న విషయం. ప్రార్థనల్లో తరచూ వింటుంటాను: "తండ్రీ, మా కోసం సిలువలో నీ రక్తం కార్చావు, నీకు స్తోత్రం." భక్తిలో, ఆవేశంలో వచ్చే మాటే. కానీ సిలువ మీద చనిపోయింది తండ్రి కాదు, కుమారుడు. ఇది చిన్న పొరపాటు కాదు. ఇద్దరూ ఒక్కరే అయితే గెత్సేమనే తోటలో యేసు "నా యిష్టప్రకారము కాదు నీ చిత్తప్రకారమే" అని ఎవరితో అన్నట్టు? తనతో తానే అనుకుంటే అది ప్రార్థన కాదు, నటన. ఆ రాత్రి వేదన అంతా అబద్ధమైపోతుంది. దాదాపు 1800 ఏళ్ల కిందట ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్‌లో టెర్టుల్లియన్ అనే క్రైస్తవ రచయిత సరిగ్గా ఈ మాట మీదే మండిపడ్డాడు. ప్రాక్సియస్ అనే బోధకుడు తన బోధతో తండ్రినే సిలువ వేసినట్టయిందని టెర్టుల్లియన్ రాశాడు. లాతిన్‌లో దేవుని గురించి త్రిత్వం అనే పదం వాడినవారిలో మొదటివాడుగా చెప్పుకునేది ఈ టెర్టుల్లియన్‌నే. బైబిల్లో ఆ పదం లేదు, విషయం ఉంది.

కాబట్టి పోలిక వెతకకండి. "ఎవరు, ఎవరితో మాట్లాడుతున్నారు?" అని అడగండి. నా దగ్గరున్న దగ్గరిదారి ఇదొక్కటే. ప్రార్థన ముగింపు మీకు కంఠతా వచ్చు: "యేసు నామములో అడిగి వేడుకొనుచున్నాము తండ్రీ, ఆమేన్." తండ్రిని అడుగుతున్నాం, కుమారుని పేరట అడుగుతున్నాం. మనలో ఉండి అడిగించేది ఆత్మ అని రోమా 8వ అధ్యాయం చెబుతుంది. చదువు రాని మా అమ్మమ్మ కూడా ఈ వాక్యం ఒక్క మాట పొల్లుపోకుండా చెప్పేది.

ఒకరు మంచి ప్రశ్న వేశారు: కొడుకంటే తండ్రి తరువాతే పుట్టాలి కదా? ఈజిప్టులోని అలెగ్జాండ్రియాలో ఆరియస్ అనే సంఘ పెద్ద వాదనా ఇదే, కుమారుడు లేని కాలం ఒకటి ఉందన్నాడు. 325లో నైసియాలో (ఇప్పుడు టర్కీలోని ఇజ్నిక్) సమావేశమైన బిషప్పులు దాన్ని తోసిపుచ్చారు. కుమారుణ్ని తండ్రి కన్నాడు, చేయలేదు అన్నారు. మన భాషలో ఇది ఎంత తేలికో చూడండి. కుమ్మరి కుండను చేస్తాడు, కొడుకుని కంటాడు. కుండ మట్టిది, కొడుకు మనిషి. చేసినది చేసినవాడి జాతి కాదు, కన్నది కన్నవాడి జాతే. నైసియా వాడిన గ్రీకు మాట హోమోఊసియోస్, అంటే తండ్రి ఏ సారమో కుమారుడూ అదే సారం. ఇక ముందూ వెనకా అన్న ప్రశ్న కాలంలో పుట్టేవాళ్లకే. ఈ కనడం కాలానికి లోబడినది కాదు.

ఇప్పుడు శరీరధారణ. "ఆ వాక్యము శరీరధారియై" అని యోహాను 1:14. దీన్ని అవతారం అనేవాళ్లున్నారు. ఆ మాట వాడితే తప్పని నేననను కానీ, వింటున్నవాళ్ల మనసులో దశావతారాలు మెదులుతాయి. వచ్చి, పని ముగించి, ఆ రూపం విడిచి వెళ్లడం అనుకుంటారు. ఇక్కడ జరిగింది ఒక్కసారే. ధరించిన మానవత్వాన్ని ఆయన విడిచిపెట్టలేదు. తిరిగి లేచాక కూడా కాల్చిన చేప తిన్నాడు (లూకా 24), చేతుల గాయాలు తోమాకు చూపించాడు.

శరీరం అంటే పైన వేసుకున్న చొక్కా కాదు. యేసు బావి దగ్గర అలసి కూర్చున్నాడు, దోనెలో తలగడ మీద నిద్రపోయాడు, లాజరు సమాధి దగ్గర ఏడ్చాడు. మనిషి మనసూ ఆయనదే. ఆయన ధరించనిది స్వస్థపడలేదని 4వ శతాబ్దంలో నజియాంజస్ గ్రెగొరీ అనే బిషప్పు రాశాడు. మన భయం, మన దుఃఖం కూడా ఆయన ధరించాడు కాబట్టే వాటికీ స్వస్థత ఉంది. 451లో కల్కెదోనులో కూడిన బిషప్పుల సభ యేసు గురించి చెప్పింది: వ్యక్తి ఒక్కరు, స్వభావాలు రెండు, దైవ స్వభావం, మానవ స్వభావం. అవి కలగలిసిపోవు, మారవు, విడిపోవు, వేరుకావు. ఈ నాలుగు మాటలూ కంఠతా పట్టండి.

అభ్యాసం. యోహాను 17వ అధ్యాయం, 26 వచనాలు, చేత్తో రాయండి. నేను, నీవు, వారు అని వచ్చిన ప్రతిచోటా అది ఎవరో పైన రాయండి. రెండు రోజులు పట్టినా సరే. ఆ తరువాత 14:16లో "వేరొక ఆదరణకర్త" ఎవరో, ఎవరు ఎవరిని అడుగుతున్నారో చూడండి. అప్పుడు పోయినసారి రాసిన నాలుగు వాక్యాలు మళ్లీ రాసి పంపండి, ఒక్క పోలిక కూడా లేకుండా.