కంప్యూటర్ మొరాయిస్తే తప్పు పార్టుదా, ప్రోగ్రాందా? మనమే ఎలా తేల్చుకోవాలి

మన కోనసీమలోనూ, అటు భీమవరం పాలకొల్లు వైపూ ఏ ఊరెళ్లినా రైస్ మిల్లులోనో ఎరువుల కొట్లోనో రొయ్యల మేత షాపులోనో ఓ పాత కంప్యూటర్ ఉంటుంది, అది ఆగిందంటే బిల్లులన్నీ ఆగిపోతాయి. వెంటనే బోర్డు పోయిందేమో అని కంగారుపడి షాపుకి మోసుకెళ్లిపోతాం. కానీ చాలాసార్లు పార్టు బానే ఉంటుందండి, దానికీ ప్రోగ్రాంకీ మధ్య మాట తెగుతుంది అంతే. అది ఎక్కడ తెగిందో వరసలో చూసుకుంటూ వెళ్తే తెలిసిపోద్ది.

1. బటన్ నొక్కి, ఎక్కడ ఆగిందో చూడండి

బటన్ నొక్కగానే ఎస్ఎంపీఎస్ (గోడ కరెంటుని కంప్యూటర్‌కి తగ్గట్టు మార్చే డబ్బా) నుంచి కరెంటు వెళ్తుంది, వోల్టేజీ కుదురుకున్నాక ప్రాసెసర్ లేచి మదర్‌బోర్డు (పార్టులన్నీ తగిలించే పెద్ద బోర్డు) మీదున్న చిన్న చిప్‌లోంచి బయాస్ అనే ప్రోగ్రాం చదవడం మొదలెడుతుంది (కొత్త వాటిలో యూఈఎఫ్ఐ అంటారు, పని దాదాపు అదే). అది ర్యామ్ (పని నడిచేటప్పుడు సమాచారం పెట్టుకునే మెమరీ పార్టు), డిస్‌ప్లే, కీబోర్డ్ ఉన్నాయో లేదో చూసుకుని, ఆ తర్వాత డిస్క్‌లో ఉన్న విండోస్‌ని ర్యామ్‌లోకి తెప్పిస్తుంది.

ఫ్యాన్ కూడా తిరగట్లేదంటే అది కరెంటు వైపు సమస్య, ప్లగ్గు, యూపీఎస్, ఎస్ఎంపీఎస్ చూసుకోండి, దానికి విండోస్ మళ్లీ వేయించి లాభం లేదు. ఫ్యాన్ తిరుగుతూ బీప్ బీప్ అంటూ స్క్రీన్ నల్లగా ఉంటే ముందు ర్యామ్‌ని అనుమానించండి. మన గాలిలో తేమ ఎక్కువ, అంతర్వేది ఓడలరేవు వైపైతే ఉప్పుగాలి కూడా, ర్యామ్ అంచున ఉండే బంగారు రంగు గీతలు మసకబారిపోతాయి. ప్లగ్గు పూర్తిగా పీకేసి, ర్యామ్ తీసి ఆ గీతల్ని పెన్సిల్ రబ్బరుతో మెల్లగా తుడిచి, పొట్టు దులిపేసి క్లిప్పు టక్కుమనేదాకా నొక్కి పెట్టండి.

కంపెనీ లోగో దాకా వచ్చి ఆగిపోతే ఎఫ్2 గానీ డిలీట్ గానీ నొక్కి బయాస్‌లోకి వెళ్లి (కీ కంపెనీని బట్టి మారుతుంది) డిస్క్ పేరు కనిపిస్తోందా చూడండి. కనిపిస్తే విండోస్ ఫైళ్లు పాడై ఉండొచ్చు, లేకపోతే కేబులో డిస్కో.

2. తేదీ చూడండి

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ ఎప్పటిదో చూపిస్తుంటే బోర్డు మీద సీఆర్2032 అనే 3 వోల్టుల బిళ్ల బ్యాటరీ అయిపోయినట్టు. తేదీ తప్పితే వెబ్‌సైట్లు కూడా తెరుచుకోవు, ఎందుకంటే సైటు సర్టిఫికెట్‌కి ఫలానా రోజు నుంచి ఫలానా రోజు దాకా అని గడువు ఉంటుంది, బ్రౌజర్ దాన్ని మన కంప్యూటర్ తేదీతోనే పోల్చుకుంటుంది. ఇది తెలీక పాపం చాలామంది నెట్ వాళ్లని తిడతారు.

3. హ్యాంగ్ అయితే క్యాప్స్ లాక్ నొక్కండి

ఆ చిన్న లైటుని వెలిగించేది కీబోర్డు సొంతంగా కాదు, కీ నొక్కిన సంగతి విండోస్‌కి చేరి, విండోస్ తిరిగి చెప్తేనే వెలుగుతుంది. లైటు మారుతోందంటే విండోస్ బతికే ఉంది, ఏదో ఒక ప్రోగ్రాం మాత్రమే ఇరుక్కుంది, కంట్రోల్ షిఫ్ట్ ఎస్కేప్ కలిపి నొక్కి టాస్క్ మేనేజర్‌లో దాన్ని మూసేయండి. అసలు మారట్లేదంటే అప్పుడు పవర్ బటన్ కాసేపు పట్టుకుని ఆపడం తప్ప దారి లేదు.

4. బయట తగిలించినవి పనిచేయకపోతే

మిల్లు దగ్గరి కాటానే తీసుకుందాం, ఎందుకంటే దాళ్వా కోతలప్పుడు ట్రాక్టర్లు బారులు తీరి ఉంటే ఇది ఆగిపోవడం అంత నరకం ఇంకోటి లేదు. లారీ ఎక్కగానే కింద ఉన్న లోడ్ సెల్ (బరువుని పసిగట్టే పార్టు) వెంట్రుకవాసి వంగుతుంది, దాంతో వచ్చే కొద్దిపాటి వోల్టేజీ తేడాని ఇండికేటర్ (బరువు చూపించే డబ్బా) అంకెలుగా మార్చి వైరులోకి పంపుతుంది. కంప్యూటర్లో దాన్ని అందుకునేది డ్రైవర్, అంటే పార్టుకీ విండోస్‌కీ మధ్య దుబాసీ అన్నమాట. డ్రైవర్ దాన్ని కామ్ పోర్ట్ అని ఒక నంబరు పెట్టి చూపిస్తుంది, కాటా సాఫ్ట్‌వేర్ ఆ నంబరు దగ్గరే చెవి పెట్టుకుని ఉంటుంది.

ఇండికేటర్ మీద బరువు పడుతూ స్క్రీన్ మీద మాత్రం సున్నా ఉంటే లోడ్ సెల్ జోలికి వెళ్లొద్దు, అది బానే ఉంది. విండోస్ కీతో పాటు ఎక్స్ నొక్కి డివైస్ మేనేజర్ తెరిచి పోర్ట్స్ అన్న చోట చూడండి. అక్కడ కామ్ 5 ఉండి సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో కామ్ 3 ఉంటే అదే తేడా, ఊడ్చేటప్పుడు యూఎస్‌బీ వైరు పీకి పక్క కన్నంలో పెట్టినా ఈ నంబరు మారిపోవచ్చు. నంబరు సరిచేయండి, లేదా వైరు పాత కన్నంలోనే పెట్టండి. పసుపు రంగు గుర్తు కనిపిస్తే డ్రైవర్ వేయాలి. పీకి పెట్టినా లిస్టులో ఏ చలనమూ లేకపోతే వైరు మార్చి చూడండి. బరువు బదులు పిచ్చి పిచ్చి గుర్తులు వస్తున్నాయంటే బాడ్ రేట్, అంటే వైరులో సమాచారం పంపే వేగం, కుదరలేదు, ఇండికేటర్ 9600లో పంపుతుంటే సాఫ్ట్‌వేర్‌లోనూ 9600 ఉండాలి. ప్రింటర్‌కైనా స్కానర్‌కైనా వెతికే పద్ధతి ఇంచుమించు ఇదే.

5. నెమ్మదిగా ఉంటే

టాస్క్ మేనేజర్‌లో పెర్ఫార్మెన్స్ నొక్కండి. సీపీయూ ఖాళీగా ఉండి డిస్క్ 100 శాతం దగ్గరే కూర్చుంటే పాత హార్డ్ డిస్క్ తీసి ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని, వేగంగా పనిచేసే డిస్క్) వేయించండి, నా లెక్కలో పాత కంప్యూటర్‌కి పెట్టే ఖర్చుల్లో ఇంతకు మించింది లేదు. మెమరీ నిండిపోతుంటే ర్యామ్ పెంచాలి, కొనే ముందు మీ బోర్డుకి పట్టే రకం డీడీఆర్3నో డీడీఆర్4నో చూసుకోండి, ఒకదాని స్లాట్‌లో ఇంకోటి పట్టదు.

6. అప్పటికీ తేలకపోతే

8 జీబీ పైన ఉన్న పెన్ డ్రైవ్‌లో వేరే కంప్యూటర్ నుంచి ఉబుంటు (విండోస్ లాంటిదే, ఉచితంగా దొరికేది) ఎక్కించి, డిస్క్‌లోని విండోస్‌తో కాకుండా దాంతో కంప్యూటర్ లేపండి (దీన్నే బూట్ చేయడం అంటారు), ఇన్‌స్టాల్ చేయకుండా ట్రై అన్నది నొక్కితే మీ డిస్క్‌లో ఏమీ చెరగదు. విండోస్‌లో రాని వైఫై, సౌండ్ ఇందులో వస్తే పార్టు బాగున్నట్టే, విండోస్ డ్రైవర్ చూసుకోవాలి. ఇందులోనూ రాకపోతే పార్టు మీద అనుమానం గట్టిపడుతుంది. అదే పెన్ డ్రైవ్‌తో లోపలికెళ్లి మీ లెక్కల ఫైళ్లు బయటికి కాపీ చేసుకున్నాకే కంప్యూటర్ షాపుకి పంపండి, డిస్క్ టక్ టక్ మని చప్పుడు చేస్తుంటే మాత్రం ఇంకేమీ ప్రయత్నించకుండా ముందు ఆ కాపీ పని చూడండి.