వివాదంలో ఉన్న ప్రసంగీకుణ్ని స్వయంగా వినబోయే ముందు

వివాదంలో ఉన్న ఆ ప్రసంగీకుడు ఆదివారం ఆరాధనకు కడప వస్తున్నారు, మీరూ వెళ్తున్నారు. మంచిదే. వాట్సాప్ క్లిప్పు చూసి మనిషిని తేల్చేయడం అన్యాయం. వెళ్లేముందు ఆయన పూర్తి ప్రసంగం ఒక్కటైనా వినండి.

బైబిలు, చిన్న నోట్‌బుక్, పెన్ను తీసుకోండి. ఆయన చెప్పిన వచనాల నంబర్లు రాసుకుని, ఇంటికొచ్చాక ఆ అధ్యాయమంతా చదవండి. ఒక్క వచనాన్ని విడిగా తీస్తే ఏ అర్థమైనా చెప్పొచ్చు. బెరయ ఊరివారు అపొస్తలుడైన పౌలు మాటల్నే లేఖనాలతో సరిచూశారు (అపొస్తలుల కార్యములు 17:11). అతిథిని సరిచూడటం అగౌరవం కాదు.

స్వస్థత ప్రార్థన ఉందంటే మరీ జాగ్రత్త. బీపీ, షుగర్, ఫిట్స్, టీబీ మందులు ఆ రోజు కూడా వేసుకోవాల్సిందే. స్టేజీ మీద నుంచి ఎవరు చెప్పినా ఆపకూడదు. టీబీ మందులు మధ్యలో మానేస్తే జబ్బు మందులకు లొంగకుండా మొండికేసే ప్రమాదం ఉంది. అమ్మానాన్నలను తీసుకెళ్తుంటే ఈ మాట ఇంట్లోనే చెప్పండి. అక్కడ పాటల హోరులో, కన్నీళ్ల మధ్య చెబితే ఎక్కదు.

కానుక ఎంతో ముందే అనుకోండి. క్యూఆర్ కోడ్ ఎదురుగా పెట్టినా ఆ మొత్తం దాటొద్దు.

ఫోన్ సైలెంట్‌లో పెట్టండి. వీడియో తీయాలంటే ఆ సంఘం పాస్టరుగారిని అడగండి.

మధ్యలో లేచి వాదించొద్దు, అది ఆరాధన. ప్రశ్నలుంటే అయ్యాక పాస్టరుగారితో మాట్లాడండి. ప్రసంగీకుడు వేరే మతాన్ని కించపరిస్తే మాత్రం చప్పట్లు కొట్టకండి, పిల్లల్ని తీసుకుని బయటికి వచ్చేయండి.