ప్యాకేజీలో మాల్వేర్ అని తెలిసిందా? డిలీట్ కొట్టి ఊరుకోకండి

మనం ప్రాజెక్ట్‌లో వాడే ఎన్‌పీఎం ప్యాకేజీలోకి (ఎవరో రాసి ఆన్‌లైన్‌లో పెట్టిన రెడీమేడ్ జావాస్క్రిప్ట్ కోడ్) మాల్వేర్ దూరిందని వార్త రాగానే మాదాపూర్, గచ్చిబౌలి టీముల్లో చాలామంది చేసేది ఒకటే, ప్యాకేజీలు దిగే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్ లేపేసి పాత వెర్షన్ వేసుకుని హమ్మయ్య అనుకోవడం. అది సరిపోదండీ. ఇవి చాలావరకు ఇన్‌స్టాల్ అయ్యేటప్పుడే స్క్రిప్ట్ నడిపి టోకెన్లు (పాస్‌వర్డ్ లాంటి లాగిన్ కీస్) పట్టుకుపోతాయి, మీరు ఫోల్డర్ తీసేసేసరికే పని అయిపోయుంటుంది. 2021 అక్టోబర్‌లో యూఏ పార్సర్ జేఎస్ అనే ప్యాకేజీలోకి మాల్వేర్ దూరినప్పుడు సెక్యూరిటీ అడ్వైజరీలో (హెచ్చరిక నోట్) కూడా ఇదే చెప్పారు, ఆ మెషీన్ మొత్తం దొంగల చేతికి పోయినట్టే అనుకోండి, కీస్ అన్నీ వేరే కంప్యూటర్ నుంచి మార్చండి అని.

ముందు మీకు తగిలిందో లేదో చూడాలి. ప్యాకేజ్ జేసన్ (మీరు నేరుగా పెట్టుకున్న ప్యాకేజీల లిస్ట్) చూసి మా దగ్గర లేదులే అనుకోవద్దు, అది మీరు పెట్టుకున్న ఇంకేదో ప్యాకేజీ వెనకాల రావచ్చు, కాబట్టి అలా వచ్చినవి కూడా రాసుండే లాక్ ఫైల్‌లో పేరు, వెర్షన్ రెండూ వెతకండి. బిల్డ్ సర్వర్ (కోడ్‌ని ఆటోమేటిక్‌గా బిల్డ్ చేసే కంప్యూటర్) లాగ్స్ కూడా చూడండి, ల్యాప్‌టాప్‌లో లేకపోయినా అక్కడ ఇన్‌స్టాల్ అయ్యుండొచ్చు.

దొరికితే ఆ మెషీన్‌కి నెట్ తీసేయండి. లాగ్స్, లాక్ ఫైల్ కాపీ దాచుకోండి, తర్వాత అవసరం పడతాయి. ఇప్పుడు ఇంకో క్లీన్ మెషీన్‌లో కూర్చుని ముందుగా ఎన్‌పీఎం, గిట్‌హబ్ టోకెన్లు రద్దు చేయండి. ఇవే ఎందుకు ముందంటే 2025 సెప్టెంబర్‌లో వచ్చిన షాయ్ హులూద్ వార్మ్ (తనంతట తానే పాకే మాల్వేర్) దొరికిన టోకెన్‌తోనే ఆ డెవలపర్ మిగతా ప్యాకేజీల్లోకి కూడా ఎక్కింది, అంటే మీరు లేట్ చేస్తే మీ పేరుతోనే వేరేవాళ్ళకి అంటుకుంటుంది. ఆ తర్వాత క్లౌడ్ కీస్, ఎస్ఎస్‌హెచ్ కీస్, డేటాబేస్ పాస్‌వర్డ్‌లు, ఎన్వ్ ఫైల్‌లో (సీక్రెట్స్ పెట్టుకునే ఫైల్) ఉన్నవన్నీ మార్చండి. కొత్తది చేస్తే చాలదు, పాతది చచ్చిందో లేదో చూడాలి. గిట్‌హబ్‌లో మీరు పెట్టని పబ్లిక్ రిపోలు, కొత్త వర్క్‌ఫ్లో ఫైళ్ళు (గిట్‌హబ్‌లో ఆటోమేటిక్‌గా పనులు నడిపేవి) ఉన్నాయేమో కూడా వెతకండి. చివరికి ఆ మెషీన్ ఫార్మాట్ చేసేయడమే మంచిది.

అమీర్‌పేటలో కోర్స్ చేసి కొత్తగా జాబ్‌లో చేరిన తమ్ముళ్ళు, చెల్లెళ్ళు ఇక్కడే ఆగిపోతారు, లీడ్‌కి చెప్తే ఉద్యోగం పోతుందేమో అని. చెప్పండి, వెంటనే చెప్పండి. మంచి పేరున్న ప్యాకేజీలోకే వచ్చింది, అందులో మీ తప్పేం లేదు, దాచిన ప్రతి గంటా దొంగలకే లాభం. పైగా కంపెనీ తెలిసిన 6 గంటల్లోపు కేంద్ర ప్రభుత్వ సైబర్ భద్రతా సంస్థ సర్ట్ ఇన్‌కి రిపోర్ట్ చేయాలని 2022 రూల్ ఉంది, మీరు నోరు విప్పకపోతే కంపెనీకి తెలిసేదెలా?

ఇకపై బిల్డ్‌లో ఎన్‌పీఎం ఇన్‌స్టాల్ బదులు లాక్ ఫైల్‌లో ఉన్న వెర్షన్లే వేసే ఎన్‌పీఎం సీఐ కమాండ్ వాడండి, ఇన్‌స్టాల్ స్క్రిప్టులు ఆపేయండి. పీఎన్‌పీఎం (ఎన్‌పీఎం లాంటి ఇంకో టూల్) వాడేవాళ్ళకైతే కొత్త వెర్షన్ వచ్చిన కొన్ని రోజుల దాకా తీసుకోకుండా ఆపే సెట్టింగ్ ఉంది, అది ఈరోజే ఆన్ చేసుకోండి.