పోర్టబుల్ షార్ట్‌వేవ్ రేడియోకు వైరు యాంటెన్నా

5 నుంచి 7 మీటర్ల ఇన్సులేటెడ్ వైరు చాలు. ఆశపడి 20 మీటర్లు లాగితే చిన్న రేడియో తట్టుకోలేదు, బలమైన స్టేషన్ ఒక్కటే డయల్ మీద నాలుగైదు చోట్ల కూస్తుంది. అప్పుడు డీఎక్స్/లోకల్ స్విచ్చి (రేడియో సిగ్నల్ పట్టే శక్తిని పెంచి తగ్గించేది) ఉంటే లోకల్‌కు మార్చండి, లేదా వైరు తగ్గించండి.

కొసన అంగుళం తొడుగు ఒలిచి, క్రొకడైల్ క్లిప్పుతో రేడియో యాంటెన్నా కడ్డీకి తగిలించండి. యాంటెన్నా సాకెట్ ఉంటే 3.5 మి.మీ. మోనో పిన్ను తీసుకుని వైరును దాని మొనకు సోల్డర్ చేయాలి. చుట్టూ ఉండే భాగం గ్రౌండ్, దానికి వేస్తే లాభం లేదు.

రెండో కొస కిటికీ బయటికి, కరెంటు తీగలకు బాగా దూరంగా. ఎల్‌ఈడీ బల్బు, ఫోన్ ఛార్జర్ పక్కనుంచి పోతే వినిపించేది వాటి గరగరే.

ఉరుములు మొదలవకముందే వైరు పీకేయండి. పిడుగే పడక్కర్లేదు, వైరులో పేరుకున్న స్టాటిక్‌కే (స్థిర విద్యుత్తుకే) లోపలి మొదటి ట్రాన్సిస్టర్ పోవచ్చు.