మెట్లెక్కితే ఆయాసం వస్తోందా?
రెండంతస్తులు ఎక్కేసరికి రొప్పు వస్తే ఊపిరితిత్తులు పాడయ్యాయని వెంటనే టెన్షన్ పడకండి. చాలాసార్లు అలవాటు తప్పింది కాళ్ల కండరాలకే. ఊపిరితిత్తుల సామర్థ్యం 20–25 ఏళ్లకే గరిష్ఠానికి చేరి, ఆ తర్వాత మెల్లగా తగ్గుతూ వస్తుంది. వ్యాయామం వాటినేమీ పెద్దవి చేయదు. కానీ కండరాలు అందిన ఆక్సిజన్‌నే బాగా వాడుకోవడం నేర్చుకుంటాయి, దాంతో అవే మెట్లకు తక్కువ ఊపిరి సరిపోతుంది.

ఎంత వేగంగా నడవాలంటే, పక్కవాళ్లతో మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. అలా రోజుకు 30 నిమిషాలు, వారానికి 5 రోజులు. మొదట్లో 10 నిమిషాలే నడిచినా మంచిదే.

కూర్చున్నా ఆయాసం వస్తున్నా, ఛాతీలో నొప్పి ఉన్నా నడక సంగతి తర్వాత, ముందు డాక్టరుకు చూపించుకోండి.