వాలు నేలలో చిప్పర్ కొట్టుకుంటుంటే బోల్ట్ మార్చే ముందు టాప్ లింక్ చూడండి

ఇది గుట్ట వాలుల్లో మామిడి, సిల్వర్ ఓక్ కొమ్మలు నరికి ట్రాక్టర్ చిప్పర్‌లో (కొమ్మల్ని ముక్కలు చేసే యంత్రంలో) వేసేవాళ్ల కోసం. బిగించడం, నడపడం మీకు వచ్చు కాబట్టి నేరుగా తంటాలకు వస్తాను.

సమస్య: కొమ్మను లాగదు, పొట్టు వస్తుంది, ఇంజన్ అణిగిపోతుంది

బ్లేడు చూశారా? చూడలేదు. ఎవరూ చూడరు. గేర్‌బాక్స్ విప్పుతారు, బెల్ట్ మారుస్తారు, మెకానిక్‌ని పిలుస్తారు, చివరికి బ్లేడు మొద్దుబారిందని తేలుతుంది. పదునుంటే ముక్కలు తెగిన అంచుతో పడతాయి. పదును పోతే పొడి, పీచు, చీలికలు వస్తాయి. వాలులో కొమ్మల్ని కిందికి ఈడ్చుకొస్తారు, బెరడులో గులకరాళ్లు ఇరుక్కుంటాయి, వాటితోనే బ్లేడు పోతుంది. ఈడ్చకుండా మోయించండి. సాన పట్టేటప్పుడు అన్ని బ్లేడ్లనూ సమానంగా అరగదీయాలి. బిగించాక ఎదురు బ్లేడుతో సందు మాన్యువల్‌లో చెప్పినంతే ఉంచండి.

బ్లేడు బాగుంటే పీటీఓ (ఇంజన్ బలాన్ని వెనక యంత్రానికి అందించే ట్రాక్టర్ షాఫ్ట్) లీవర్ చూడండి. 540 (నిమిషానికి 540 చుట్లు) దగ్గర కాకుండా డీజిల్ ఆదా చేసే 540ఈ దగ్గర ఉంటే ఇంజన్ తక్కువ వేగంలోనే తిరుగుతుంది, లావు కొమ్మకు ఆ బలం చాలదు.

సమస్య: ఖాళీగా తిరిగినా టకటక, షియర్ బోల్ట్‌లు వరసగా తెగుతాయి

చాలామంది చేతులు కాల్చుకునేది ఇక్కడే. చదును నేల మీద యంత్రం నిశ్శబ్దంగా తిరుగుతుంది. గుట్టెక్కగానే సీటు కింద దడ మొదలవుతుంది. షియర్ బోల్ట్ ఉండేదే బరువు మించినప్పుడు ముందు తాను తెగి మిగతా యంత్రాన్ని కాపాడటానికి. అది తెగితే ఇంకోటి వేస్తారు, అదీ తెగుతుంది. అప్పుడు ఎవరో తెలివైనవాడు గట్టి గ్రేడు బోల్ట్ బిగిస్తాడు. ఈసారి బోల్ట్ తెగదు, క్రాసో (షాఫ్ట్ వంగి తిరిగేలా చేసే కీలు) గేర్‌బాక్సో పోతుంది.

కారణం చెబుతాను. పీటీఓను చిప్పర్‌తో కలిపే షాఫ్ట్‌కు రెండు చివరలా ఉండే క్రాస్‌లు వంగి తిరిగేటప్పుడు వేగాన్ని సమానంగా అందించవు. ఒక క్రాస్ 20 డిగ్రీలు వంగితే, 540 దగ్గర తిరిగే పీటీఓ నుంచి అవతలికి ప్రతి చుట్టులో రెండుసార్లు 507కి తగ్గి 575కి పెరిగే వేగం పోతుంది. రెండో క్రాస్ కూడా అంతే వంగితే మొదటిదాని హెచ్చుతగ్గుల్ని కొట్టేస్తుంది. వంపుల్లో తేడా ఉంటే కొట్టెయ్యదు. బ్లేడ్లు బిగించిన చిప్పర్ డిస్కు బరువైనది, అంత వేగంగా తగ్గి పెరగలేదు. ఆ గుద్దులన్నీ షాఫ్టూ బోల్టూ తింటాయి.

వంపుల్లో తేడా తెచ్చేది మన కన్నే. ట్రాక్టర్ ముక్కు పైకెత్తి ఉంటుంది, దాంతోపాటు వెనక చిప్పర్ కూడా వాలి కనిపిస్తుంది. 'వంకరగా ఉంది' అని టాప్ లింక్ (ట్రాక్టర్ వెనక పైభాగాన చిప్పర్‌ను పట్టి ఉంచే, తిప్పి పొడవు మార్చే కడ్డీ) తిప్పి దాన్ని నిటారుగా నిలబెడతారు. చూడ్డానికి ముచ్చటగా ఉంటుంది. షాఫ్ట్‌కు మాత్రం చిప్పర్ నేలతో కాదు, ట్రాక్టర్‌తో సమాంతరంగా ఉండాలి. ట్రాక్టర్ వాలితే అదీ అంతే వాలాలి. ట్రాక్టర్ మడి గట్టు మీదా, చిప్పర్ గట్టు దిగువనా ఉన్నప్పుడు కూడా ఇదే గొడవ. కిందికి దిగేకొద్దీ చిప్పర్ కోణం మారిపోతుంది.

పరిష్కారం: ఇంజన్ ఆపి, తాళం తీసి జేబులో వేసుకోండి. ఫోన్‌లో లెవెల్ యాప్ తెరిచి, పీటీఓ బయటికొచ్చే చోట నిలువుగా ఉండే హౌసింగ్ ముఖానికి ఫోన్ ఆనించి డిగ్రీలు చూడండి. తర్వాత చిప్పర్ ఇన్‌పుట్ షాఫ్ట్ దగ్గరి ముఖానికి అదే వైపు తిప్పి ఆనించండి. రెండు అంకెలూ కలిసేదాకా టాప్ లింక్ తిప్పండి, ఒకటి రెండు డిగ్రీల తేడా ఫర్వాలేదు. పనిచేసే ఎత్తులో ఒక్కో క్రాస్ వంపు 15 డిగ్రీల లోపు ఉంటే మంచిది. అది కుదరకపోతే వేరే చోటు వెతకండి, ఆ వాలుతో పోట్లాడొద్దు.

అక్కడున్నప్పుడే షాఫ్ట్ గొట్టం కూడా చూడండి. బాగా సాగిన స్థితిలోనూ ఒకదాంట్లో ఒకటి కనీసం మూడోవంతు దూరి ఉండాలి, పూర్తిగా దగ్గరపడ్డప్పుడు రెండు మూడు సెంటీమీటర్ల ఖాళీ మిగలాలి. ఖాళీ లేకపోతే గొట్టం బిగుసుకుని పీటీఓ బేరింగ్‌ని లోపలికి నెడుతుంది. షాఫ్ట్ విప్పి మళ్లీ జోడించారా? లోపలి రెండు యోక్‌లూ (క్రాస్‌ను పట్టుకునే చీలిక కొసలు) ఒకే గీతలో ఉన్నాయో లేదో చూడండి. తేడాగా దూర్చినా ఇదే టకటక.

సమస్య: చదునులో బాగుంది, వాలులో కాసేపటికి ఇంజన్ ముక్కుతుంది

ట్యాంకు నింపండి. డీజిల్ తక్కువుంటే వాలులో ఒక మూలకు చేరిపోతుంది, పైపు గాలి పీలుస్తుంది. గాలి ఎక్కేసి ఉంటే బ్లీడ్ చేయాలి, అంటే పైపుల్లోని గాలి బయటికి తీసెయ్యాలి.

ట్రాక్టర్‌ను వాలుకు అడ్డంగా నిలపొద్దు, పైకో కిందికో ముక్కు పెట్టండి. రెండు బ్రేకులూ కలిపి లాక్ చేసి, చక్రాలకు రాళ్లు పెట్టాకే పీటీఓ వెయ్యండి. షాఫ్ట్ గార్డు తీసేసి తువ్వాలు భుజాన వేసుకుని పనిచేసేవాళ్లకు నేను సలహా ఇవ్వను.

గేర్‌బాక్స్ బేరింగ్, పీటీఓ క్లచ్ జారడం, డిస్కు వంకర వంటివీ ఉంటాయి, కానీ అరుదు. పైవన్నీ సరిచూశాకే వాటి జోలికి వెళ్లండి, అప్పటికీ సమస్య తీరకపోతే మెకానిక్ దగ్గరికి తీసుకెళ్లండి.