మనసులో తాళం వేసిన మూల

తరమణిలో మా సంఘానికి వచ్చే ఒక అమ్మాయి పోయిన నెల ఆరాధన అయ్యాక నాతోపాటు చాపలు చుడుతూ అడిగింది. "అక్కా, కందుకూరులో ఉన్నప్పుడు ప్రార్థనలో కూర్చుంటే కన్నీళ్లు ఆగేవి కావు. చెన్నై వచ్చి రెండేళ్లయింది. ఇప్పుడు మోకరిస్తే ఏమీ అనిపించదు. బైబిలు తెరిస్తే నిద్ర వస్తుంది. నేను చల్లబడిపోయినట్టేనా?" ఓఎంఆర్ రోడ్డులో ఒక కంపెనీలో పని చేస్తుంది. పీజీ హాస్టల్లో నలుగురికి ఒక గది.

ఆ రోజు ఆమెకు చెప్పినవీ, చెప్పడం మరిచిపోయినవీ కలిపి ఇక్కడ రాస్తున్నాను. నేను వాక్యం చెప్పేదాన్ని కాదు. ట్రిప్లికేన్‌లో ఒక హోల్‌సేల్ దుకాణంలో ఇరవై రెండేళ్లుగా లెక్కలు రాస్తున్నాను. మాది ఒంగోలు పక్క పల్లెటూరు.

పూర్ణహృదయంతో ప్రభువును ప్రేమించడం అంటే మనసు ఎప్పుడూ వేడిగా ఉండడమే అని నేనూ చాలాకాలం అనుకున్నాను. ప్రకటన గ్రంథం రెండో అధ్యాయం చూడండి. ఎఫెసు సంఘం మొదటి ప్రేమను వదిలేసిందని ప్రభువు బాధపడతాడు. ఆ వెంటనే ఏమడిగాడు? ఎక్కడినుంచి పడ్డావో గుర్తు చేసుకో, మారుమనస్సు పొందు, మొదట చేసిన క్రియలు మళ్లీ చేయి అన్నాడు. మొదటి కన్నీళ్లు తెమ్మని అడగలేదు. కన్నీళ్లు మన చేతిలో లేవు. క్రియలు ఉన్నాయి.

అందుకని శనివారం రాత్రి ఒక తెల్లకాగితం తీసుకుని కూర్చోండి. ప్రభువుకు ఇచ్చినవాటి జాబితా రాయొద్దు, అది మనందరికీ బాగానే వస్తుంది. ఆయన్ని రానివ్వకుండా తాళం వేసుకున్న చోట్లు రాయండి. ఎవరి పేరు వింటే ఒళ్లు మండుతుంది? ఎవరి డబ్బు మన దగ్గర ఉండిపోయింది? ఎవరైనా పక్కకు వస్తే ఫోన్‌లో ఏది గబుక్కున మూసేస్తాం? రోజూ చెప్పే అబద్ధం ఏది? మూడు నాలుగు వరుసలు చాలు, కానీ పేర్లతో, అంకెలతో రాయండి. "నాలో కోపం ఉంది" అని రాస్తే దానితో ఏమీ చేయలేం. "నాలుగేళ్లుగా అన్నయ్యకు ఫోన్ చేయలేదు" అని రాస్తే, చేయాల్సిన పని ఆ వరుసలోనే ఉంది.

నా కాగితంలో మొదటి వరుస: 8,400 రూపాయలు.

మా ఆయనకు ఉద్యోగం లేని రెండేళ్లలో జరిగింది అది. దుకాణంలో చిల్లర ఖర్చుల పుస్తకం నా చేతిలోనే ఉండేది. బ్యాంకు పని మీద బస్సులో వెళ్లొచ్చి ఆటో చార్జీ రాసేదాన్ని. సారికి 40 రూపాయలు మిగిలేవి. పాల ప్యాకెట్ల డబ్బు కదా అని సర్దిచెప్పుకున్నాను. ఆ రెండేళ్లూ నేను స్త్రీల సమాజానికి సెక్రటరీని. ఉపవాస ప్రార్థనలు నడిపించాను. ఆ 40 రూపాయల్లోంచి కానుక కూడా వేశాను. పాత పుస్తకాలు తీసి ఒక్కొక్క వరుసా గుర్తు చేసుకుంటూ లెక్కపెడితే 210 సార్లు తేలింది.

లూకా 19లో సుంకాలు వసూలు చేసే జక్కయ్యను ఎన్నిసార్లు చదివానో. బీదలకు సగం ఆస్తి ఇస్తానన్నాడు, అన్యాయంగా తీసుకున్నది ఉంటే నాలుగింతలు ఇస్తానన్నాడు. యేసు అతణ్ని అలా ఇమ్మని అడిగినట్టు ఎక్కడా లేదు. ఇంటికి వచ్చాడు, అంతే. ఆయన ఇంట్లోకి వచ్చాక జక్కయ్యే తనంతట తాను లేచి లెక్క చెప్పాడు.

మీకూ ఇలాంటి వరుస ఉంటే, నేను నేర్చుకున్నది ఇది. మొదట లెక్క పూర్తిగా తేల్చండి. గుర్తు లేనిచోట అవతలి మనిషికి లాభం వచ్చేలా వేయండి. పెళ్లయినవాళ్లు ముందు ఇంట్లో చెప్పండి, నేను మా ఆయనకు చెప్పడానికే మూడు వారాలు పట్టింది. ఆ డబ్బును చందా పెట్టెలో వేసి చేతులు దులుపుకోవద్దు. మనిషికి బాకీ ఉన్నది దేవునికి కానుక కాదు. తిరిగి ఇచ్చేటప్పుడు సువార్త చెప్పకండి, సాక్ష్యం చెప్పకండి. "ఇది మీ డబ్బు, నేను తీసుకున్నాను, క్షమించండి" అన్న మూడు ముక్కలు చాలు. ఉద్యోగం పోయినా సరే అనుకునే వెళ్లండి.

మా ఓనర్ చాలాసేపు పుస్తకం వైపే చూశారు. "ఇన్నాళ్లూ నాకు తెలియదు కదమ్మా, ఇప్పుడు ఎందుకు చెబుతున్నావు?" అన్నారు. నాకు వచ్చిన జవాబు ఒకటే: "దేవునికి తెలుసు సార్." నెలకు 2,100 చొప్పున నాలుగు నెలల్లో కట్టాను. ఉద్యోగం తీయలేదు గానీ ఆరు నెలలపాటు ఆ పుస్తకం వేరే అబ్బాయికి ఇచ్చారు. నా కళ్లముందే అతను చిల్లర లెక్కపెడుతుంటే తల ఎత్తలేకపోయేదాన్ని. ఆయన చేసింది సరైన పని అని నాకు అప్పుడే తెలుసు. ఆ ఆరు నెలల్లో చేసిన ప్రార్థన లాంటిది ముందు ఇరవై ఏళ్లలో చేయలేదు.

రెండో వరుస అన్నయ్యది. నాన్న పోయాక ఇంటి స్థలం పంపకంలో మాటామాటా పెరిగింది. బలిపీఠం దగ్గర కానుక విడిచిపెట్టి, ముందు వెళ్లి సహోదరుడితో సమాధానపడు అని మత్తయి 5లో ప్రభువు చెప్పాడు. మనం మాత్రం కానుక వేసేసి, సహోదరుణ్ని విడిచిపెడతాం. ఇలాంటి పని ఫోన్‌లో చేయొద్దని నా సలహా. చెన్నై నుంచి ఒంగోలుకు రైల్లో సుమారు 290 కిలోమీటర్లు, దారిపొడవునా ఏం మాట్లాడాలో ఆలోచించుకోవచ్చు. నేను చేసిన ఆలోచన అంతా ఒక్క మాట తీసేయడానికే సరిపోయింది: "నువ్వు కూడా." "నేను తప్పే మాట్లాడాను, నువ్వు కూడా..." అని మొదలైతే మళ్లీ పంచాయితీయే. ఆ మాట లేకుండా మీ వాక్యం ముగించడం ఇంట్లో పైకి పలికి అలవాటు చేసుకోండి.

అన్నయ్య టీ తాగమన్నాడు. "సరేలే, అన్నం తిని వెళ్లు" అన్నాడు. అంతకుమించి ఏమీ అనలేదు. వదిన ఇప్పటికీ నాతో మాట్లాడదు. ప్రతి నెలా మొదటి ఆదివారం ఫోన్ చేస్తాను, ఆమె ఎత్తితే "అన్నయ్యకు ఇస్తున్నా" అంటుంది. నా వంతు ఫోన్ చేయడం.

రోజువారీ సంగతికి వస్తాను. కొత్త నిబంధనలో 260 అధ్యాయాలు ఉన్నాయి. సోమవారం నుంచి శుక్రవారం దాకా రోజుకు ఒకటి చదివితే 52 వారాల్లో సరిగ్గా పూర్తవుతుంది. శని, ఆదివారాలు వెనకబడినవి అందుకోవడానికి. జనవరి 1న మొత్తం బైబిలు మొదలుపెట్టి లేవీయకాండంలో ఆగిపోయినవాళ్లు ఈ లెక్కతో మొదలుపెట్టండి. అచ్చు పుస్తకంలోనే చదవండి, ఫోన్‌లో అధ్యాయం మధ్యలో ఆఫీసు మెసేజ్ వస్తుంది. పైకి చదవండి. మన తెలుగు బైబిలు భాష కాస్త పాతది, కంటితో జారిపోయే మాట నోటితో పలికితే పట్టుకుంటుంది. చదివిన దాంట్లో ఈ రోజు చేయగలిగిన ఒక్క ఆజ్ఞ కింద పెన్సిల్ గీత గీసి, మర్నాడు కొత్త అధ్యాయం తెరిచే ముందు నిన్నటి గీత చూడండి. చేశానా? చేయకపోతే ఆ రోజుకు అదే. నిద్ర వచ్చేది మనకు పని చెప్పని చదువుకే అని నా అనుభవం.

పీజీలో ఉండేవాళ్లకు "గదిలోకి వెళ్లి తలుపు వేసుకో" అన్న మాట కష్టమే. ఆ అమ్మాయికి మేడ మీద బట్టలు ఆరేసే చోటు చూసుకోమన్నాను. ఉదయం ఐదున్నరకు అక్కడ ఎవరూ ఉండరు. నాకు అయితే రైలే గది. తరమణిలో ఎంఆర్‌టీఎస్ లోకల్ రైలు ఎక్కితే తిరువల్లిక్కేణి, అంటే మా దుకాణం ఉన్న ట్రిప్లికేన్, పదో స్టేషన్. స్టేషన్‌కు ఒక పేరు పెట్టుకున్నాను. తిరువాన్మియూర్ వస్తే అమ్మ, ఇందిరా నగర్ దగ్గర పిల్లలు, కస్తూర్బా నగర్‌లో మా ఓనర్, కొట్టూర్‌పురంలో వదిన. బండి ఆగినంతసేపూ ఆ ఒక్కరి కోసమే. వదిన పేరు పెట్టిన కొత్తలో ఆ స్టేషన్ వస్తే కళ్లు తెరిచి బయటికి చూసేదాన్ని, నోరు వచ్చేది కాదు. ఇప్పుడు వస్తుంది.

ఆ కిటికీలోంచి కనిపించేది బకింగ్‌హామ్ కాలువ. ఇప్పుడు నల్లటి మురుగు. నాకు మాత్రం అది చూసినప్పుడల్లా మా ఊరే గుర్తొస్తుంది. 1876-78 నాటి ధాత కరువులో, పనిలేక చచ్చిపోతున్న జనానికి కూలి దొరకాలని ఈ కాలువలో కొంత భాగం తవ్వించారు. చెన్నైలో అడయారు, కూవం నదులను కలిపే ముక్క కూడా ఆ కరువు పనిలోదే. అటు ఒంగోలు వైపు కొన్ని మైళ్ల తవ్వకం కాంట్రాక్టును అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ తీసుకున్నాడు. మా తాతగారి తాత అక్కడ మట్టి మోశాడని మా ఇంట్లో చెప్పుకుంటారు.

ఆ కరువులో వేలమంది బాప్తిస్మం ఇమ్మని క్లౌ చుట్టూ తిరిగారు. సహాయం పంచుతున్నంతకాలం ఆయన ఇవ్వలేదు. కూటి కోసం వచ్చినవాళ్లు కూడు అయిపోగానే పోతారని భయం. కరువు సహాయం ఆగిపోయింది, ఇక ఇక్కడ దొరికేది ఏమీ లేదని అందరికీ తెలిసింది. అప్పుడు కూడా వాళ్లు వచ్చారు. 1878 జులై 3న గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజున 2,222 మందికి బాప్తిస్మం జరిగింది.

మనం దేవుని దగ్గరికి ఏది పట్టుకెళ్లడానికి వస్తున్నామో అప్పుడప్పుడు మనల్ని మనమే ప్రశ్నించుకోవాలి. వీసా, సొంత ఇల్లు, పిల్లల సీటు. అడగడం తప్పు కాదు, తండ్రిని అడగకపోతే ఎవరిని అడుగుతాం. అవి రాకపోతే వచ్చే ఆదివారం వెళతానా అన్నదే ప్రశ్న. "వెయ్యి వేస్తే లక్ష వస్తుంది" అని చెప్పేవాళ్ల దగ్గర నిలబడకండి, ఎంత పెద్ద స్టేజీ అయినా సరే. దశమభాగం జీతం పడిన రోజునే, ఈఎంఐ కంటే ముందు తీసి పెట్టండి. అప్పు చేసి మాత్రం ఇవ్వొద్దు. ఉన్నదానినిబట్టి ఇవ్వమన్నాడు పౌలు, లేనిదానినిబట్టి కాదు.

సంఘం విషయంలో చెప్పేది కొంచెమే. ఒక్కదాన్లో కుదురుకోండి. వాయిద్యాలు బాగున్నాయని ఒక వారం, ప్రసంగం బాగుందని ఇంకో వారం తిరిగితే, మనం తప్పు చేసినప్పుడు పిలిచి మందలించే మనిషి ఎక్కడా ఉండడు. తెలుగు ఆరాధన దూరమైతే వీధి చివర తమిళ సంఘానికి వెళ్లండి, ఆరు నెలల్లో భాష వస్తుంది. మైకు దగ్గర పని అడగకండి. కుర్చీలు సర్దడం, ప్రభువు బల్ల గిన్నెలు కడగడం అడగండి.

ఇక ఏమీ అనిపించని రోజులు. అవి వస్తాయి, నెలల తరబడి ఉంటాయి. చెన్నైలోని పరంగిమలై (సెయింట్ థామస్ మౌంట్) కొండకు ఒక సాయంత్రం వెళ్లిరండి. అపొస్తలుడైన తోమా క్రీస్తుశకం 72లో అక్కడే హతసాక్షి అయ్యాడని ఈ ఊరి క్రైస్తవుల సంప్రదాయం. అతణ్ని సందేహించినవాడిగానే గుర్తుపెట్టుకుంటాం. యోహాను 20 నిదానంగా చదవండి. మిగతా శిష్యులు తిరిగి లేచిన ప్రభువును చూశామంటున్నారు, ఇతను చూడలేదు, నమ్మలేకపోతున్నాడు. ఎనిమిది రోజుల తర్వాత ఎక్కడున్నాడు? వాళ్లతోపాటు అదే ఇంట్లో ఉన్నాడు. నమ్మకం లేకపోయినా ఆ ఇల్లు విడిచి పోలేదు. ప్రభువు వచ్చినప్పుడు అక్కడ దొరికాడు. మీరు కూడా ఆదివారం చాప మీద కూర్చోండి, పాట రాకపోతే పుస్తకం పట్టుకుని కూర్చోండి. సంఘంలో ఒకరికి మాత్రం ఉన్నది ఉన్నట్టు చెప్పండి, "బాగున్నాను, స్తోత్రం" అనకండి.

ఆ అమ్మాయి పోయిన ఆదివారం కాగితం మడిచి తెచ్చి చూపించింది. రెండే వరుసలు. ఒకటి నేను ఇక్కడ రాయను. రెండోది, బీటెక్ ఆఖరి ఏడాది ఫీజుకు పిన్ని ఇచ్చిన 60,000. ఉద్యోగం వచ్చి రెండేళ్లయినా తిరిగి ఇవ్వలేదు, పిన్ని ఫోన్ చేస్తే ఎనిమిది నెలలుగా ఈమె ఎత్తడం లేదు. ఈ శుక్రవారం రాత్రి బండికి సింగరాయకొండ దాకా టికెట్ తీసుకుంది. మొదటి విడత 10,000 కవర్లో పెట్టుకుంది. "శనివారం పొద్దున వస్తున్నా పిన్నీ" అని మాత్రం ఫోన్ చేసి చెప్పిందట. అటువైపు కాసేపు ఏమీ వినపడలేదట. తర్వాత, స్టేషన్‌కి బాబాయిని పంపించనా అని అడిగిందట.